మంజూరైన రెండు గోల్స్

ఫుట్‌బాల్ విషయంలో నేను చెప్పిన జోస్యం నలభై ఏళ్ళుగా ఒక్కసారి కూడా తప్పలేదు. పిక్కలవలసలో ఎవర్నడిగినా చెబుతారు. అలాంటివాణ్ణి కాబట్టి, ఇప్పుడు చెప్పబోయే సంగతిలో ఒక్క ముక్క కూడా కల్పన లేదని ముందే మనవి చేసుకుంటున్నాను. నమ్మేవాళ్ళు కాస్త ముందుకు జరగండి. నమ్మనివాళ్ళు ఉన్నచోటే ఉండండి, మీకూ వినపడుతుంది.

పిక్కలవలసలో రెండు పేటలు. జీడిపిక్కలు కాల్చి, కొట్టి, పొట్టు తీసి, డబ్బాలకెత్తే ఫ్యాక్టరీ ఉన్నది జీడిపేట. రైలు గేటుకి అవతల ఉన్నది గేటుపేట. రెంటికీ చెరో ఫుట్‌బాల్ జట్టు. ఏటా లీగ్ ఆఖర్న ఈ రెండే మిగుల్తాయి, ప్లేఆఫ్ ఆడతాయి. ఊరు ఊరంతా పనులు మానుకుని మైదానం చుట్టూ నిలబడుతుంది. అంతవరకూ ఏ ఊళ్ళోనైనా ఉన్నదే.

పోయినేడు ప్లేఆఫ్‌లో జీడిపేట గోల్‌కీపరు గవరయ్య. పిక్కలు కాల్చే డ్రమ్ము దగ్గర పని అతనిది. ఆట ఆఖరి నిమిషంలో గేటుపేట ఎర్రన్న నేలబారుగా ఒక బంతి కొట్టాడు. అదేం పెద్ద దెబ్బ కాదు. ముసలామె కర్రతో తోసినా అంతకంటే జోరుగా పోయేది. బంతి తాపీగా వచ్చి, గవరయ్య రెండు కాళ్ళ మధ్య నుంచి దూరి, వల్లో పడి విశ్రాంతి తీసుకుంది. ఆ పూటనుంచి అతను గవరయ్య కాడు, తూము గవరయ్య. టీ కొట్టు ముఖం చూసి ఏడాదైంది. పనికి కూడా వెనక సందుల్లోంచే పోతాడు.

"ఈసారి ఒక్క బంతీ పోనివ్వడు మా తమ్ముడు. సున్నా! రాసిపెట్టుకోండి!" అని ఏడాది పొడుగునా ఊరందరి ముందూ అరిచి చెప్పిన మనిషి ఒక్కతే ఉంది. అతని అక్క బమ్మిడి దమయంతి. ఫ్యాక్టరీలో పప్పు ఏరే పనిలో ఇరవై రెండేళ్ళున్న మనిషి. చెక్కుచెదరని గుండు పప్పు ఒక కుప్ప, రెండుగా విడిన బద్ద ఒక కుప్ప, ముక్క ఒక కుప్ప. ప్రతి పప్పునీ వేలి మీద తిప్పి రెండు వైపులా చూసి గానీ కుప్పలో వెయ్యదు. డబ్బాలో ఏరినవాళ్ళ పేరుతో చీటీ పడుతుంది. తన కంటితో చూడని డబ్బా మీద సంతకం పెట్టమని ఒకసారి యజమానే వచ్చి బతిమాలితే, "బాబూ, నోటితో మంచి పప్పే అని వందసార్లు అంతాను. సంతకం మాత్రం సూసినాకే," అనేసింది.

ఈ సంతకం సంగతి గుర్తుంచుకోండి. తరవాత పనికొస్తుంది.

ఇక ఆట చుట్టూ ఉండే గొడవ వినండి. ప్లేఆఫ్‌కి నెల ముందునుంచీ ఊళ్ళో జోస్యాలు మొదలవుతాయి. ఎవరు గెలుస్తారు, ఎన్ని గోల్స్, ఎవడు కొడతాడు. పోయినేడు ఆ జోస్యాల మీద ఒక బావా బావమరిదీ అరమీసం పందెం వేసుకున్నారు. ఇద్దరి జోస్యమూ తప్పింది. పెళ్ళి ఫోటోలో ఇద్దరూ అరమీసాలతోనే పడ్డారు. పెళ్ళికూతురి తండ్రి పైవాళ్ళకి ఫిర్యాదు రాశాడు. పైవాళ్ళు ఆ పైవాళ్ళకి రాశారు. ఎంత పైకి పోయిందో తెలీదు గానీ, తిరిగొచ్చేసరికి దాని పేరు 'క్రీడాజోస్య క్రమబద్ధీకరణ ఉత్తర్వు' అయింది.

పాత పశువుల ఆసుపత్రికి సున్నం కొట్టి బోర్డు పెట్టారు. చిత్రభానుగారనే అధికారి, జోగినాథం అనే గుమాస్తా దిగారు. ఆ సాయంత్రమే దండోరా.

"ఇందుమూలముగా సమస్త ఫుట్‌బాల్ అభిమానులకు తెలియజేయునది ఏమనగా, రాబోవు ప్లేఆఫ్ పోటీ ఫలితమును గూర్చి నోటిమాటగా గాని, సైగల ద్వారా గాని, నిట్టూర్పు ద్వారా గాని జోస్యము చెప్పుట నిషేధించడమైనది. జోస్యము చెప్పదలచినవారు నిర్ణీత దరఖాస్తు పూర్తిచేసి, కార్యాలయ పనివేళలలో చెప్పవలయును."

దరఖాస్తులో పధ్నాలుగు గడులు. ఏ జట్టు, ఎన్ని గోల్స్, ఏ నిమిషంలో, కుడికాలా ఎడమకాలా తలా అన్నవి సరే. పదకొండో గడిలో 'గోల్ పడు సమయమున గాలి దిశ'. పదమూడో గడిలో 'ఇదివరలో తప్పిన జోస్యముల వివరములు, అవసరమైనచో అదనపు కాగితములు జతపరచవచ్చును'. ఆఖరున ఇద్దరు సాక్షుల వేలిముద్రలు.

పదమూడో గడి దగ్గర వరస ఆగిపోయేది. నేనే పదకొండు కాగితాలు జతపరిచాను. మొదట్లో ఏదో అన్నాను కదా నా జోస్యం తప్పలేదని. అది వదిలెయ్యండి. అప్పుడు దరఖాస్తు లేదు కాబట్టి ఏదైనా అనొచ్చు.

వారం తిరక్కుండా ఊరు మూగబోయింది. టీ కొట్టు దగ్గర ఎవరైనా "ఈ ఆదివారం..." అని మొదలుపెడితే, పక్కవాడు వాడి నోరు మూసేవాడు. సింహాలమ్మ అనే డెబ్బై ఏళ్ళ మనిషి మోకాళ్ళ నొప్పితో "హమ్మయ్యో" అని మెట్టు మీద కూలబడితే, గోడవార పొంచి ఉన్న జోగినాథం పుస్తకం తీశాడు.

"ఏ జట్టునుద్దేశించి నిట్టూర్చితివి?"

"నా మోకాళ్ళ జట్టు, నాయినా. రెండూ ఓడిపోనాయి."

'రెండు జట్లును ఓడునని నిట్టూర్పు' అని రాసుకుని వెళ్ళాడతను.

నాలుగువేల మూడొందల పన్నెండు దరఖాస్తులు పోగయ్యాయి. చిత్రభానుగారు వాటిని కూడారు, భాగించారు. గేటుపేటకి రెండు పాయింటు నాలుగు గోల్స్, జీడిపేటకి సున్నా పాయింటు ఆరు.

"జోగినాథం, పాయింటు నాలుగు గోల్ అనగా ఏమి?"

"బంతి గీత మీద ఆగి, సగానికి కాస్త తక్కువగా లోపలికి తొంగి చూడటమండి."

"అటుల ఆపుట సాధ్యమా?"

"మేకు కొడితే ఆగుతుందండి."

చిత్రభానుగారు రెండురోజులు ఆలోచించి, మేకు ప్రతిపాదన ఆటగాళ్ళ పాదాలకు హానికరమని తోసిపుచ్చి, దగ్గరి అంకెకు సవరించారు. గేటుపేట రెండు, జీడిపేట ఒకటి. అక్కడితో ఆగినా బావుండేది. కానీ ఆయనకి ఒక సందేహం వచ్చింది. ప్రజలు చెప్పిన జోస్యాన్ని ప్రభుత్వం ఆమోదించి ముద్ర వేశాక, ఆట ఇంకోలా ముగిస్తే? ముద్ర అబద్ధం అవుతుంది కదా? అబద్ధమైన ముద్ర ఏ శాఖలోనూ చెల్లదు. కాబట్టి ఆటే ముద్రకి లోబడి ఉండాలి.

మర్నాడు గవరయ్య డ్రమ్ము దగ్గర పిక్కలు కాలుస్తుంటే నోటీసు చేతికొచ్చింది. పొగలో కళ్ళు నులుముకుంటూ చదివాడు.

'శ్రీ గవరయ్య, గోల్‌కీపరు, జీడిపేట గారికి. ప్లేఆఫ్ 17వ నిమిషమున ఎడమకాలితోను, 61వ నిమిషమున తలతోను కొట్టబడు బంతులను తాము లోనికి అనుమతించవలయును. ఉల్లంఘించినచో సంజాయిషీ ఇచ్చుకొనవలసి ఉండును. మంజూరైన గోల్స్: రెండు.'

అతను డ్రమ్ము అలాగే వదిలేసి, నల్లటి చేతులతో ఏరే షెడ్డులోకి వచ్చాడు. పిక్క నూనె అంటిన చేతులు ఏం కడిగినా నలుపు వదలవు. ఆ నలుపు కాగితానికీ అంటింది.

"అప్పా, ఇది సదువు."

దమయంతి చదివింది. చేతిలోని పప్పు కుప్పలో వెయ్యడం మర్చిపోయింది.

"పోయినేడు బంతి ఎల్లిపోయింది, నా తప్పు. ఊరు తూమన్నాది, పడ్డాను," అన్నాడు గవరయ్య. "ఈసారి ముద్రేసి మరీ తూముని సేస్తన్నారు. నానింక ఆడనప్పా. వల దగ్గిర దిష్టిబొమ్మని నిలబెట్టుకోమను. అది ఎవులికీ సంజాయిషీ ఇవ్వదు."

"ఆడకపోతే తూమే. ఆడి బంతులొగ్గేసినా తూమే," అంది దమయంతి. "లే. పద ఆపీసుకి."

చిత్రభానుగారు చాలా మర్యాదగా కూర్చోబెట్టారు.

"బాబూ, ఆటాడకముందే గోల్స్ రాసీడవేటి?"

"అమ్మా, మేము రాయలేదు. ప్రజలు రాసిరి. మేము ఆమోదించితిమి."

"మీ లెక్క తప్పంతన్నాను."

"అభ్యంతరమునకు అవకాశము కలదు. అయితే జోస్యము తప్పని రుజువు జతపరచవలయును."

"ఏటి రుజువు?"

"ఆట ఫలితము."

"ఆట ఆదివారం కదా?"

"కావున సోమవారం రండు."

దమయంతి ఆయన ముఖం కేసి పప్పుని చూసినట్టు రెండు వైపులా చూసింది. బద్ద అని తేల్చుకుంది. ఆయన వెనక గోడవార, ఆకాశాన్నంటే దరఖాస్తుల కట్టలు కనపడ్డాయి.

"ఇయన్నీ ఏరినారా బాబూ?"

"ఏరుట యనగా?"

"మా దగ్గిర ఇద్దరికి మాట తేడా వస్తే డబ్బా తిరగపోత పోత్తాం. గుడ్డ మీద కుమ్మరించీసి, అందరి కళ్ళ ముందూ మళ్ళా ఏరతాం. గుండేదో, బద్దేదో, ముక్కేదో. ముక్కలు కలిపీసి గుండని చీటీ ఏస్తే, డబ్బా ఎనక్కి వచ్చెత్తాది."

చిత్రభానుగారు జోగినాథం వైపు చూశారు. జోగినాథం ఉత్తర్వు తిరగేశాడు.

"ఇరవై మూడో నిబంధనలో పునఃపరిశీలన ఉందండి. పద్ధతి మాత్రం రాయలేదు. రాయనిచోట స్థానిక ఆచారం వర్తించును అని ఉందండి."

"ఇచట స్థానిక ఆచారము ఏమి?"

"తిరగపోతేనండి."

ఉత్తర్వులో ఉన్నదాన్ని చిత్రభానుగారు కాదనలేరు. ఉత్తర్వులో ఉంటే ఆయన తన పేరు కూడా మార్చుకునే రకం.

మర్నాటి ఉదయం పశువుల ఆసుపత్రి ముందు పెద్ద గుడ్డ పరిచి, నాలుగువేల మూడొందల పన్నెండు కాగితాలూ కుమ్మరించారు. నలభైమంది ఆడవాళ్ళు చుట్టూ కూర్చున్నారు. పధ్నాలుగు గడులూ నిండితే గుండు. సగం నిండితే బద్ద. అంతకంటే తక్కువైతే ముక్క. ఆ వేళ్ళ జోరు చూసి జోగినాథానికి కళ్ళు తిరిగి, ఆవుల తొట్టిలోని నీళ్ళు ముఖాన జల్లుకున్నాడు.

ఊరంతా చుట్టూ నిలబడి చూస్తోంది. గవరయ్య కూడా వచ్చాడు, ఏడాదికి మొదటిసారి నలుగుర్లోకి. అందరికంటే వెనక నిలబడ్డాడు. ఒక్కో కాగితం పైకెత్తి చదువుతున్నారు. "బద్ద! గాలి దిశ లేదు." "ముక్క! సాక్షి లేడు." "బద్ద! గాలి దిశ అని రాసి, ఉంది అని రాసినాడు." మధ్యలో గవరయ్యకి చుర్రుమనే సంగతులు కూడా బయటపడ్డాయి. అతని వీధివాళ్ళే, రోజూ అతనికి మంచినీళ్ళిచ్చేవాళ్ళే, మూడు గోల్స్ పడతాయని రాశారు. పక్కింటి లింగమూర్తి అయిదు రాశాడు.

"అయిదేటిరా లింగమూర్తీ?" అని ఎవరో అరిచారు.

"నాకు మూడు రాయడం రాదు, బావా!" అన్నాడు లింగమూర్తి. గవరయ్యకి తప్ప అందరికీ నవ్వొచ్చింది.

మధ్యాన్నం వేళ అందరూ భోజనాలకి లేచినప్పుడు ఒక మేక వచ్చింది. ఆసుపత్రి రోజుల్నుంచీ ఆ ప్రాంగణానికి అలవాటు పడ్డ మేక. రెండొందల పధ్నాలుగు దరఖాస్తులు తినేసి, ఒక మూల పడుకుంది. జోగినాథం పంచనామా రాశాడు. 'సదరు మేక ఉభయ జట్ల జోస్యములను పక్షపాతము లేకుండ భక్షించెను. జీర్ణమగువరకు కార్యాలయ ఆవరణలోనే ఉంచవలయును.'

సాయంత్రానికి ఏరుడు అయింది. బద్ద కుప్ప కొండలా ఉంది. ముక్క కుప్ప రెండు కొండల్లా ఉంది. గుండు కుప్పలో ఒకే ఒక్క కాగితం.

"నాలుగువేల పైచిలుకులో శాస్త్రోక్తమైన జోస్యము ఒక్కటియేనా?" అని చిత్రభానుగారు నోరు తెరిచారు. "చదువుము, జోగినాథం."

"దరఖాస్తుదారు బమ్మిడి దమయంతి అండి."

జనం ఒక్కసారి కేక వేశారు. గవరయ్య తల ఎత్తాడు. ఏడాదిగా ఊరంతా ఎదురైనా సున్నా, సున్నా అని అరిచిన అక్క. ముద్రపడే జోస్యం ఇక ఆమెదే. అతను జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చాడు.

"గేటుపేట వేయు గోల్స్..." జోగినాథం ఆగాడు. కళ్ళజోడు సర్దుకున్నాడు. "చూస్తేగాని తెలీదు."

"ఏమి?"

"అలాగే రాసిందండి. ఏ నిమిషమున: చూస్తేగాని తెలీదు. ఏ కాలితో: చూస్తేగాని తెలీదు. గాలి దిశ: ఆ పూట లేచి చూస్తేగాని తెలీదు. తప్పిన జోస్యములు: ఏనాడూ రాసివ్వలేదు. పధ్నాలుగూ నిండాయండి."

జనం గొల్లుమన్నారు. గవరయ్య మాత్రం అక్క ఎదుట నిలబడిపోయాడు.

"నువ్వు కూడానా, అప్పా?"

దమయంతి చేతిలో పప్పు లేకపోయినా, వేలు మీద ఏదో తిప్పుతున్నట్టు తిప్పుతోంది.

"నోటికి సున్నానే వచ్చిందిరా. ఇప్పుడూ సున్నానే వస్తంది. కలం పట్టుకుంటే సెయ్యి కదల్లేదు. సూడని దాని మీద సంతకం పెట్టలేనురా నాను. నీ మీదైనా సరే."

గవరయ్య వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. కానీ సందుల్లోంచి కాదు, నడివీధిలోంచే వెళ్ళాడు. అదెవరూ గమనించలేదు, దమయంతి తప్ప.

చిత్రభానుగారు ఆ కాగితాన్ని పైకి పంపారు. మూడోనాటికి జవాబొచ్చింది. 'పరిశీలించి ఆమోదించడమైనది. ఇంతటి కచ్చితమైన జోస్యము ఈ శాఖ చరిత్రలో లేదు. తక్షణమే అమలుపరచవలయును.'

అమలంటే అమలే. కొత్త దండోరా వేశారు. 'ప్లేఆఫ్ ఫలితము చూస్తేగాని తెలియదని ప్రభుత్వము నిర్ధారించినందున, సమస్త ప్రజలు విధిగా చూడవలయును. చూడకనే తెలిసినదనువారు శిక్షార్హులు.' నోటీసులు వెనక్కి తీసుకున్నారు. గవరయ్య నోటీసు మీద 'మంజూరైన రెండు గోల్స్ రద్దు' అని ఎర్ర సిరాతో కొట్టేశారు. అతను దాన్ని మడిచి జేబులో పెట్టుకుని మైదానంలోకి దిగాడు.

పదిహేడో నిమిషం వచ్చింది, పోయింది. అరవై ఒకటో నిమిషం వచ్చింది, పోయింది. చిత్రభానుగారు గడియారం చూసుకుంటూ, ఫైల్లో 'ఇప్పటివరకు తెలియలేదు' అని ప్రతి అయిదు నిమిషాలకీ రాసుకుంటున్నారు. ఒక్క గోలూ పడలేదు. జీడిపేటవాళ్ళు కొట్టిన రెండు బంతులు కొబ్బరితోటలోకి పోయాయి. తొంభయ్యో నిమిషంలో బంతి ఎర్రన్న కాలికి దొరికింది. అదే ఎర్రన్న. అదే చోటు. పోయినేటి రుచి ఇంకా నాలిక మీదే ఉందేమో, అదే నేలబారు దెబ్బ కొట్టాడు.

బంతి తాపీగా దొర్లుకుంటూ వస్తోంది. ఊరు ఊపిరి బిగపట్టింది. దమయంతి కళ్ళు మూసుకుందామనుకుంది. చూస్తేగాని తెలీదని తనే రాసింది కదా, మూసుకోలేకపోయింది.

గవరయ్య చేతులు చాపలేదు. కాళ్ళు దగ్గరికి చెయ్యలేదు. వచ్చిన బంతి మీద, ఇంట్లో పీట మీద కూర్చున్నట్టు, చతికిలబడ్డాడు. ఎర్రన్న చుట్టూ తిరిగాడు. "లేవరా గవరయ్యా!" అన్నాడు. "లేవను. గాలి బాగుంది," అన్నాడు గవరయ్య. రిఫరీ ఈల ఊదాడు. సున్నా, సున్నా.

మా లీగ్ నియమం ప్రకారం ప్లేఆఫ్ సమమైతే మరో వారానికి మళ్ళీ పోటీ. ఆ సంగతి వినగానే చిత్రభానుగారి ముఖం వెలిగిపోయింది. "జోగినాథం, పదిహేను గడులు ముద్రించుము," అన్నారాయన. ఆ పదిహేనో గడి 'కీపరు కూర్చొనునా, నిలుచునా' అని నాకు తర్వాత తెలిసింది.

జనం గవరయ్యని భుజాలకెత్తుకున్నారు. అప్పటికే పేరు మారిపోయింది, పీట గవరయ్య. టీ కొట్టు ముందు దింపారు. దమయంతి అక్కడే నిలబడి ఉంది. అతను నల్లటి చేతులు రెండూ చాపాడు.

"ఇప్పుడు సూసినావు కదా. ఇప్పుడు సెప్పు."

ఆమె ఆ చేతులు పట్టుకుంది. అరచేతులు చూసింది, తిప్పి వెనక కూడా చూసింది. తొందరపడలేదు.

"గుండు," అంది.

ఇదీ సంగతి. ఒక్క ముక్క కల్పన లేదని మొదట్లో అన్నాను. అన్నమాట నిలబెట్టుకోవడం నాకలవాటు లేదు కాబట్టి ఒప్పుకుంటాను. దండోరా నిజం. పధ్నాలుగు గడులు నిజం. నిట్టూర్పు కేసు నిజం, మేకు ప్రతిపాదన నిజం, ముద్రపడ్డ 'చూస్తేగాని తెలీదు' నిజం. మేక మాత్రం లేదు. ఆ రెండొందల పధ్నాలుగు కాగితాలూ, అందరూ భోజనాలకి లేచినప్పుడు నేనే పట్టుకుపోయాను. వాటిలో నాదీ, ఊరందరి ముందూ ఇంకా పైకి చదవని నా పదకొండు అదనపు కాగితాలూ ఉన్నాయి. మా ఇంటిది వాటిల్లో పకోడీలు పొట్లాలు కట్టింది.

నేనే అని అప్పుడే చెబితే ఎవరూ నమ్మరు. అందుకని మేకని పెట్టాను. ఇంత కథలో మీరు అనుమానించకుండా నమ్మింది ఆ మేకనొక్కదాన్నే కదూ?